కాన్పుకో పన్ను

మా అమ్మకి మేం ముగ్గురం. ముగ్గురికీ మూడు పళ్ళు పోయాయని చెబుతుంది. అన్నయ్య పుట్టినప్పుడు కుడివైపు పై దవడలోది, నేను పుట్టినప్పుడు ఎడమవైపు కింది దవడలోది, చెల్లి పుట్టాక దాని పక్కది. కడుపులో బిడ్డ ఎముకలు కట్టుకోవడానికి తల్లి పళ్ళలోంచి సున్నం లాక్కుంటుందట, అందుకే కాన్పుకో పన్ను రాలడం మామూలేనట. అమ్మ ఈ మాట బాధపడుతూ చెప్పదు. గట్టు కోసం పొలంలో కాస్త నేల వదిలినట్టు చెబుతుంది. చిన్నప్పుడు నేను ఎదురు మాట్లాడితే, "నీకోసం పన్ను ఊడగొట్టుకున్నానే, నువ్వా నన్ననేది" అనేది. ఆ పన్ను నేనే తినేసినట్టు చాలాకాలం సిగ్గుపడ్డాను కూడా.

అందుకే నాకు కడుపొచ్చిన మూడో నెలలో బ్రష్ చేసుకుంటుంటే నురగలో రక్తం కనబడితే పెద్దగా పట్టించుకోలేదు. మన వంతు వచ్చిందనుకున్నానంతే.

అసలు ఆ నెలల్లో బ్రష్ చేసుకున్నది తక్కువ. పేస్టు మూత తీస్తే చాలు, కడుపులో తిప్పేది. బ్రష్ నాలిక దాకా పోతే వాంతే. దాంతో బ్రష్ మానేసి, వేలితో నాలుగుసార్లు రుద్ది ఉమ్మేసి, ఇబ్రహీంపట్నంలో బస్సెక్కేదాన్ని. దారిలో ఒకసారి, షాపుకి చేరాక ఒకసారి వాంతి. నోరంతా పుల్లగా ఉండేది. ఆ పులుపు పోవడానికి బెల్లం ముక్కో, నిమ్మ చాక్లెట్టో బుగ్గన పెట్టుకునేదాన్ని. ఎడమవైపు కింద ఒక పన్నుకి పెళ్ళికి ముందు నుంచే నల్లటి గుంట ఉంది. అందులో ఏదిరుక్కున్నా పిన్నీసుతో తీసేసుకోవడం అలవాటు. ఆ బెల్లమంతా పోయి ఆ గుంటలోనే కూర్చునేదని అప్పుడు తట్టలేదు.

నేను చేసేది వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల షాపులో. టెన్త్‌తో చదువు ఆపేసిన నాకు చేతిలో ఉన్నదల్లా నోరే. ఊళ్ళ నుంచి కొట్లవాళ్ళు వస్తారు, చీరలు విప్పి చూపిస్తూ మాట్లాడుతూనే ఉండాలి. నేనయితే ఊరికే కూడా మాట్లాడతాను.

ప్రతి నెలా ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. బరువు చూశారు, బీపీ చూశారు, రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. కాళ్ళు వాచాయా అని నొక్కి చూశారు. నోరు తెరవమని ఎవరూ అనలేదు. నేనూ తెరవలేదు. పళ్ళ సంగతి కాన్పుల డాక్టరుకి చెబితే, "ఇది కూడా నాకేనా" అంటుందేమోనని మొహమాటం.

ఐదో నెలలో అమ్మ చలిమిడి తెచ్చింది. పుట్టింటివాళ్ళు కడుపుతో ఉన్న పిల్లకి చలిమిడి పెట్టడం మా వైపు ఆనవాయితీ. కడుపు చల్లగా ఉంటుందని. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, నెయ్యి, కొబ్బరి ముక్కలు. చూడ్డానికి ముద్దొస్తుంది గానీ నోట్లో వేసుకుంటే పంటికీ పంటికీ మధ్య బంకలా అతుక్కుంటుంది. అమ్మ అవనిగడ్డ దగ్గర మా పల్లె నుంచి స్టీలు డబ్బాతో రెండు బస్సులు మారి వచ్చింది. మా అత్తగారు వీధిలో తొమ్మిదిమంది ముత్తయిదువుల్ని పిలిచింది. ఒడిలో పెట్టి, బొట్టు పెట్టి, ఒక్కొక్కరూ చిన్న ముద్ద నోట్లో పెట్టారు. చలిమిడి వద్దనకూడదు. వద్దంటే బిడ్డకి అరిష్టమంటారు.

నాలుగో ముద్దకి గుంట నిండిపోయింది. ఐదో ఆవిడ పెట్టిన ముద్దలో కొబ్బరి ముక్క ఉంది, అది సరిగ్గా అక్కడే పడింది. పంట్లోంచి చెవిలోకి, చెవిలోంచి కణతలోకి ఒక సూది పోయినట్టయింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి.

"అయ్యో, పిచ్చిపిల్ల, పుట్టింటి చలిమిడికి ఎంత సంతోషమో చూడండి" అంది పక్కింటి పిన్నిగారు.

అమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. ఇంకా నలుగురున్నారు. నేను నవ్వుతూ నాలుగు ముద్దలూ మింగాను.

ఆ రోజు మొదలైన నొప్పి మళ్ళీ పోలేదు. అమ్మ లవంగం పెట్టుకోమంది. అత్తగారు ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. రెండూ చేశాను, గంట బాగుండేది. తర్వాత మళ్ళీ మొదలు. కుడివైపు నమలాలంటే అక్కడ చిగుళ్ళు ఉబ్బి రక్తం. అన్నంలో పలచటి మజ్జిగ పోసుకుని తాగేసి లేచిపోయేదాన్ని. షాపులో నోరు తెరిస్తే గాలి తగిలి జివ్వుమనేది, అందుకని చీరలు విప్పి చూపించి ఊరుకునేదాన్ని.

"ఏంటే, నువ్వు మాట్లాడకపోతే షాపులో ఫ్యాను ఆగిపోయినట్టుంది" అంది నాతో పనిచేసే అక్క.

"పన్నక్కా" అన్నాను చెయ్యి అడ్డం పెట్టుకుని.

"చూపించుకోవచ్చుగా."

చూపించుకోవచ్చుగా అన్న మాట ఇంట్లో అంటే మా అత్తగారు ఉలిక్కిపడింది. ఆవిడ గయ్యాళి కాదు. నాకు కడుపొచ్చినప్పటి నుంచి ఒక్క బిందె ఎత్తనివ్వలేదు. కానీ పంటి దగ్గర మాత్రం మొండికేసింది.

"కడుపుతో ఉన్నప్పుడు పన్ను ముట్టుకోకూడదమ్మాయ్. నా మాట విను. కాన్పయ్యాక పీకించేసుకుందువుగాని."

"ఇంకా నాలుగు నెలలుందత్తయ్యా. అప్పటిదాకా ఏం తినను?"

"జావ తాగు."

అసలు సంగతి మా ఆయన చెప్పాడు. అత్తగారి సొంత అక్క ఏడో నెలలో పన్ను పీకించుకుందట. అదే నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. అప్పటికి మా అత్తగారికి పధ్నాలుగేళ్ళు. పక్కనే ఉండి వేడినీళ్ళు అందించింది. ఆ మాట విన్నాక ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా పోయింది. కోపం పోతే నొప్పి కూడా పోవాలిగా, పోలేదు.

మా ఆయన థర్మల్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. నా మూలుగు వినలేక డ్యూటీ నుంచి వస్తూ మందుల షాపులో బిళ్ళలు తెచ్చాడు. రెండు రోజుల్లో నాలుగు వేసుకున్నాను. హాయిగా ఉంది. నెల చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ అట్ట నా సంచిలోంచి డాక్టరుగారి బల్ల మీద పడింది.

ఆవిడ దాన్ని తిప్పి చూసి, "ఇవెవరిచ్చారు?" అంది.

మా ఆయన తలుపు దగ్గరే నిలబడి, "పన్ను నొప్పికని నేనే తెచ్చానండి" అన్నాడు.

"కడుపుతో ఉందని చెప్పావా షాపులో?"

"అడగలేదండి."

"వాళ్ళడక్కపోతే నువ్వు చెప్పవా? ఏ నొప్పి బిళ్ళ పడితే అది ఈ నెలల్లో వేసుకోకూడదయ్యా. నన్నడక్కుండా ఇంకోటి మింగించావంటే ఊరుకోను." తర్వాత నా వైపు తిరిగి కార్డు చూపించింది. "పోయిన నెలకంటే కిలో తగ్గావు. ఐదో నెల దాటాక పెరగాలి గానీ తగ్గుతారా? బిడ్డ కూడా ఎదగాల్సినంత ఎదగలేదు. ఏం తింటున్నావ్?"

"మజ్జిగన్నం."

"ఇంకా?"

"మజ్జిగన్నమే మేడం."

"పన్ను నొప్పని ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

పన్ను సంగతి మీకెందుకనుకున్నానని చెప్పలేక తల దించుకున్నాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "నోట్లోంచే కదమ్మా బిడ్డకి తిండి పోవాలి" అంది. అంత చిన్న మాట. నాకు గానీ, అమ్మకి గానీ, తొమ్మిదిమంది ముత్తయిదువులకి గానీ తోచలేదు.

వెంటనే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమంది. వెళ్ళాను. మా ఇంటి దగ్గరలో ఉన్నాయన నోట్లో లైటు వేసి చూడకముందే నా పొట్ట చూశాడు.

"డెలివరీ అయ్యాక రండమ్మా. ఇప్పుడెందుకు రిస్కు."

"మా డాక్టరుగారే పంపించారండి."

"అయితే ఆవిడ దగ్గర లెటరు తెండి."

లెటరు కోసం వెళితే డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు. రెండోసారి వెళితే ఊళ్ళో లేరు. మూడోసారి గంటన్నర కూర్చుంటే నర్సమ్మ, "లెటరుకా? దానికి ఇంతసేపు కూర్చున్నారా, ముందే చెప్పొచ్చుగా" అంది. మొదటి నిమిషంలోనే చెప్పాను. నోరు సగమే తెరుచుకోవడంతో నా మాట ఆవిడకి చేరలేదేమో. పది రోజులు అలా తిరిగాను. బస్సులో కిటికీ పక్కన బుగ్గ ఆనించి కూర్చుంటే అద్దం అదిరినప్పుడల్లా పన్నూ అదిరేది. నాలుగు మెతుకులు నమలాలని నేను ఇంతమంది చుట్టూ తిరగాలా అని ఏడుపొచ్చేది. అటు చూస్తే పన్ను, ఇటు చూస్తే పొట్ట. రెండూ ఒకే మనిషివని ఎవరికీ పట్టదు.

ఇంగ్లీషులో రాసిన ఆ లెటరు చేతికొచ్చాక షాపులో క్యాష్ దగ్గర కూర్చునే బాబాయిగారితో చదివించుకున్నాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, "పంటికి వైద్యం చెయ్యొచ్చంట. మత్తు సూది ఇవ్వొచ్చంట. ఈ నెలల్లో చేయించుకోవడమే మంచిదంట. ఆలస్యం చెయ్యొద్దని కింద గీత కూడా కొట్టింది" అన్నాడు. ఆ గీత మీద వేలు పెట్టి చూసుకున్నాను.

గవర్నర్‌పేటలో పళ్ళకి ఒక ఆడ డాక్టరు ఉందని షాపులో అక్క చెప్పింది. మర్నాడు బయల్దేరుతుంటే మా అత్తగారు కూడా చీర మార్చుకుని చెప్పులేసుకుంది. నాకు తోడుగానో, నన్ను ఆపడానికో తెలియలేదు.

ఆ డాక్టరుకి నా వయసే ఉంటుంది. నోరు చూసి, లెటరు చదివి, సరే అంది. అప్పుడు అత్తగారు లేచింది.

"ఏమ్మా, బిడ్డకేమన్నా అయితే?" అని, వాళ్ళక్క సంగతంతా చెప్పేసింది. ఎప్పుడూ ఎవరికీ చెప్పని ముక్కలు కూడా, వేడినీళ్ళ గిన్నె ఏ రంగులో ఉండేదో కూడా.

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసి ఆవిడ పక్కన కూర్చుంది. "మీ అక్కగారి బిడ్డ ఎందుకు పోయిందో నాకు తెలీదండి. అప్పట్లో ఏ మందిచ్చారో, అప్పటికే ఒంట్లో ఏముందో తెలీదు. పన్ను తీయడం వల్లే పోయిందని మాత్రం నేననుకోను. మీ కోడలి పంటి కింద చీము పట్టింది. దాన్ని కదపకూడదని వదిలేస్తే ఆ చీము ఊరుకోదు కదా. జ్వరం రావచ్చు, దవడంతా వాచచ్చు. చిగుళ్ళు ఇలా వాచి ఉంటే బిడ్డ నెలలు నిండకుండా పుట్టే భయం ఉందని కూడా కొంతమంది డాక్టర్లంటారు. అది ఖచ్చితంగా చెప్పలేను. కానీ ఈ అమ్మాయి తినలేకపోతోంది, అది మాత్రం ఖాయం."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పీకకుండా అవుతుందా?" అంది.

"పీకనండి. పన్ను నిలబెడదాం."

నన్ను వెల్లకిలా పూర్తిగా పడుకోనివ్వలేదు. బిడ్డ బరువు నడుము దగ్గర నరం మీద పడకుండా కుడి పక్క కింద చిన్న దిండు పెట్టింది. సూది చురుక్కుమంది. తర్వాత ఎడమ దవడ నాది కాకుండా పోయింది. ఏదో తొలిచింది, చెడ్డ వాసన వచ్చింది, అంతే. లోపల కొట్టుకుంటున్నది ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి మళ్ళీ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఈసారి ఎవరూ అపార్థం చేసుకోలేదు.

మాట తిరగ్గానే నేను అడిగిన మొదటి ప్రశ్న అమ్మది. "బిడ్డ పళ్ళలోంచి సున్నం లాక్కుంటుందా అండి?"

డాక్టరమ్మ నవ్వింది. "పంట్లోంచి తీసుకోదమ్మా. నువ్వు తినేదాంట్లోంచి తీసుకుంటుంది. చాలకపోతే నీ ఎముకల్లోంచి. పన్ను పుచ్చింది తీపి వల్ల, రుద్దుకోకపోవడం వల్ల. వాంతుల పులుపు కూడా పంటిని తినేస్తుంది. వాంతయిన వెంటనే రుద్దకు, నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగి, మెత్తటి బ్రష్‌తో రుద్దు. చిగుళ్ళు ఈ నెలల్లో ఊరికే వాస్తాయి. రక్తం వస్తోందని మానేస్తే ఇంకా వాస్తాయి."

అంటే పాపం బిడ్డ ఏమీ చెయ్యలేదన్నమాట. నా బిడ్డా చెయ్యలేదు, అప్పట్లో నేనూ చెయ్యలేదు.

ఆ సాయంత్రం ముద్దపప్పు, వంకాయ కూర, అన్నం తిన్నాను. రెండోసారి వడ్డించుకుంటుంటే అత్తగారు గరిటె లాక్కుని తనే వేసింది. ఇంకో రెండుసార్లు వెళ్ళి లోపల శుభ్రం చేయించుకుని, చిగుళ్ళు కూడా బాగుచేయించుకున్నాను. పంటి మీద తొడుగు కాన్పయ్యాక వేయించుకోమంది. తర్వాతి నెల కార్డులో బరువు చూసి కాన్పుల డాక్టరుగారు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే మెప్పు.

నెలలు నిండి పాప పుట్టింది. మూడు కిలోలకి కాస్త తక్కువ. పన్ను బాగుచేయించుకున్నందుకే అని నేననను, నాకంత తెలీదు. నేను తినగలిగాను, అది పెరిగింది, అంతవరకు తెలుసు. మా అత్తగారికి మాత్రం బాగా తెలుసు. చూడ్డానికొచ్చిన వాళ్ళందరితో, "చలిమిడి అంత ఇష్టంగా తింది కదా, అందుకే బిడ్డ పుష్టిగా పుట్టింది" అంది. మంచం మీద పడుకుని పళ్ళు కొరుక్కున్నాను. కొరుక్కోవడానికి పళ్ళున్నాయి, అదొకటి.

ఆసుపత్రి నుంచి మా పల్లెకి తీసుకెళ్ళింది అమ్మ. రెండో రోజు పొద్దున బ్రష్ కనబడలేదు. సంచిలో లేదు, కిటికీలో లేదు.

"అమ్మా, నా బ్రష్ ఏది?"

"బాలింత బ్రష్‌తో రుద్దకూడదే. పళ్ళు కదిలిపోతాయి. వేలితో అను, చాలు. చన్నీళ్ళు తగలనివ్వకు."

"నువ్వు మూడు కాన్పులకీ వేలితోనే రుద్దావా?"

"మరి? మా అమ్మ చెప్పినట్టే చేశాను."

ఎంత చెప్పినా వినదు. గవర్నర్‌పేట డాక్టరమ్మ మాటలన్నీ వరసగా ఒప్పజెప్పాను. "ఆ పిల్లకి కాన్పయిందా?" అంది. లేదేమో అన్నాను. "మరింకేం" అని పాపకి నూనె రాయడంలో పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కడుపుతో ఉంటే ముట్టుకోకూడదు, బాలింతయితే ముట్టుకోకూడదు. పెళ్ళికాని పిల్లయితే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిందంటే ఏం రోగమోనంటారు. ఆడదాని నోటికి మంచి రోజెప్పుడు?

సెల్‌ఫోన్ లైటు వేసి అమ్మ ముందు కూర్చున్నాను. "నోరు తెరు."

"పిచ్చా నీకు?"

"తెరువమ్మా. నేను ఊడగొట్టిన పన్ను ఎక్కడో చూడాలి."

ఎందుకు తెరిచిందో తెరిచింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న నోరే, లైటు వేసి చూడటం అదే మొదలు. ఖాళీలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. పై దవడలో వెనక ఇంకోటి, నాలుగు. అటువైపు రెండు, ఆరు. ఉన్నవాటిలో కూడా రెండు ఊగుతున్నాయి.

"అమ్మా, మేం ముగ్గురమే. ఇక్కడ ఆరు ఖాళీలున్నాయి. మిగతా మూడూ ఎవరు తీసుకెళ్ళారు?"

అమ్మ నోరు మూసుకుంది. "మీ నాన్నని పెంచాను కదా, దానికి" అంది. ఇద్దరం నవ్వాం. కానీ అమ్మ చెయ్యి ఎప్పట్లాగే నోటికి అడ్డం వచ్చింది. ఆ చెయ్యి సిగ్గుతో అడ్డం వస్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నమిలేటప్పుడు నొప్పి దాచుకోవడానికి కూడా అని ఆ రోజు అర్థమైంది. అమ్మ జావ ఎందుకంత ఇష్టంగా తాగుతుందో కూడా.

మర్నాడు పొద్దున కిటికీలో బ్రష్ ఉంది, పక్కన చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు.

పాపకి మూడో నెల వచ్చాక పంటికి తొడుగు వేయించుకోవడానికి గవర్నర్‌పేట వెళ్ళాం. పాపని ఎత్తుకుని అమ్మ వచ్చింది. దారి పొడుగునా బతిమాలాను. నువ్వూ చూపించుకో, ఊగే రెండైనా ఆపుదాం, తర్వాత పళ్ళు కట్టించుకుంటే మాంసం ముక్క తినొచ్చు అని. చూద్దాంలే అంది. చూద్దాంలే అంటే మా అమ్మ దగ్గర చూడనని అర్థం.

నా పని పది నిమిషాల్లో అయిపోయింది. డాక్టరమ్మ పాప బుగ్గ నిమిరి, అమ్మ వైపు తిరిగింది. నేను ముందే కన్ను గీటి ఉంచాను.

"మీరూ ఒకసారి కూర్చోండమ్మా, ఊరికే చూస్తాను."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పాపని ఇంకాస్త గుండెకి హత్తుకుంది.

"నాకెందుకమ్మా ఇప్పుడు" అంది. "నా కాన్పులైపోయాయిగా."